కథ కోసం ఒక సముద్రపు పట్నం కల్పిస్తున్న, ఏమేం పెట్టాలె?

నల్గొండ పోరడు: అన్నలూ అక్కలూ, మా దిక్కు పెద్ద నీళ్లంటే నాగార్జునసాగరే. కల్పించిన ఓడరేవు పట్నంల జరిగే కథ రాస్తున్న, బీచ్ పెట్టిన, లైట్‌హౌస్ పెట్టిన, గాని టూరిస్టు ఫోటో లెక్కనే ఉంటున్నది, మనుషులు బతుకుతున్నట్టు లేదు. జర చెప్పున్రి.

సూర్యాపేట: మచిలీపట్నం పోయిరా అన్నా. మా ఊరి మీదికెళ్లి పొయ్యే 65 నంబర్ హైవే సీదా ఆడికే పోతది, కుతుబ్‌షాహీల కాలంల గోల్కొండ సరుకు ఎక్కిన రేవు అది. డచ్చోళ్ల సమాధులు ఇంకా ఉన్నయి. పక్కనే పెడనల కలంకారీ అద్దుతరు, చెక్క అచ్చులు, కరక్కాయ నీళ్లు, గుడ్డను ఉడకబెట్టుడు, ఎండకు ఆరేసుడు, చూస్తుంటే పొద్దే తెల్వదు. అసుంటి పనిచేసే గల్లీ ఒకటి నీ పట్నంల ఉండాలె, లేకుంటే ఎన్ని బీచ్‌లు పెట్టినా పానం రాదు.

పాలమూరు అక్క: తమ్ముడూ, వేట బంద్ మర్చిపోకు. తూర్పు తీరంల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకు పోవద్దు, చేపలు గుడ్లు పెట్టే టైం. అప్పుడు వలలు అల్లుకుంట, బోట్లు రిపేరు చేసుకుంట ఇల్లెట్ల నడుపుతరో అదే అసలు కథ. వలసపోయినోళ్ల ఇండ్లు మా జిల్లాల చూసినదాన్ని, ఆ ఎదురుచూపు నాకెరుకే. 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన గురించి గూడ చదువు, సముద్రం పక్కన బతుకుడంటే ఏందో సమజైతది.

నల్గొండ పోరడు: అక్కా, వేట బంద్ నాకు తట్టనే లేదు! కథ ఏప్రిల్ 14 రాత్రి మొదలుపెడ్త. పెడనకు వానకాలం పోవచ్చా?

సూర్యాపేట: వద్దన్నా, గుడ్డ ఆరాలంటే ఎండ కావాలె. చలికాలం పో.