సమస్య: నలుగురున్నచోట నారు జతలు

సంచాలకుడు, నల్లగొండ:
ఈ వారం సమస్యగా ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. 'చోటన్ + ఆరు' అని విడదీసుకోండి. నలుగురుంటే జతలు రెండే కదా అని అడ్డం తిరగకండి. కథలో పాత్రలు నాలుగు, ఎవరికి ఎవరితో ముడి పడుతుందో రచయిత ఇంకా తేల్చలేదు. సీరియల్ చూసేవాళ్లు ఎన్ని జంటలు ఊహించుకోవచ్చో పద్యంలో చెప్పండి.

మిర్యాలగూడ లెక్కల టీచర్:

మొదటివాడు కలియు మువ్వురి తోడుత
అవల వాని కిద్ద రంతె మిగులు
మూడవతని కొకరె మూడు రెండొకటియు
నలుగురున్నచోట నారు జతలు

గద్వాల:
బాగుందక్కా. రెండో పాదంలో 'ఇద్దరు + అంతె' అని విడదీస్తే పాదం మొదటి 'అ'తో ఈ 'అం' కలిసి స్వరయతి చక్కగా కుదిరింది. కానీ వీళ్లలో ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలైతే జంటలు నాలుగే వస్తయి గదా?

మిర్యాలగూడ:
సమస్యలో ఆడ, మగ అన్న షరతు లేదన్నా. ఎవరు ఎవరినైనా ప్రేమించవచ్చు అనుకుంటేనే ఆరు. ఎంతమంది ఉంటే ఆ సంఖ్యను, అందులో ఒకటి తగ్గించిన సంఖ్యతో గుణించి సగం చేయాలి. పదిమందికి 45. నలభై పాత్రల సీరియల్ అయితే 780, ఇక డైరెక్టర్‌కు టెన్షనే! ఇంకో ముచ్చట. ఆఖరి ఎపిసోడ్‌లో ఎవరూ ఒంటరిగా మిగలొద్దని నలుగురినీ ఒకేసారి జోడిస్తే ముగింపులు మూడే. ఈ ఆరు జతలే రెండేసి చొప్పున మూడుగా సర్దుకుంటాయి. మీ షరతు పెడితే అవీ రెండే.

గద్వాల:
సరే, ఒప్పుకున్నా. నా పూరణ:

రెండు గురువు లుంచి రెండు లఘువు లుంచి
మార్చి మార్చి చూడ మారు వరుస
వలపు కథకు నదియె బాటగా నిల్చును
నలుగురున్నచోట నారు జతలు

సంచాలకుడు:
విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు! గ అంటే గురువు (దీర్ఘంగా పలికే అక్షరం), ల అంటే లఘువు (పొట్టిగా పలికేది): గగలల, గలగల, గలలగ, లగగల, లగలగ, లలగగ. అంతే, ఏడోది లేదు. గురువు పడ్డ ఇద్దరూ ప్రేమికులు, లఘువులు చూస్తూ కూర్చునేవాళ్లు. గురులఘువులు ఎన్ని వరుసల్లో వస్తాయో తేల్చడానికి మనం ఛందస్సులో వేసే ప్రస్తారమే టీచరమ్మ లెక్క. మూడో పాదం మాత్రం చప్పగా ఉంది, 'బాటగా నిల్చును' అన్నది యతి కోసం తెచ్చి కూర్చోబెట్టినట్టుంది.

హుజూర్‌నగర్:
నాకు లెక్కలు రావు సార్, నాట్లు తెలుసు.

సాగరెడమ కాల్వ సాగి వచ్చిన వేళ
మడికి పడతు లేగి మాటలాడి
నడుము వంచి నాట నవ్వుచు వేసిరి
నలుగురున్నచోట నారు జతలు

మిర్యాలగూడ:
అబ్బ, 'ఆరు'ను 'నారు' చేసి తప్పించుకున్నావు తమ్ముడూ! గట్టు మీద నుంచి నారు కట్టలు విసరడం కళ్లకు కట్టింది.

సంచాలకుడు:
పద్యంగా ఇదే ముందుంది, ధార ఎక్కడా తెగలేదు. కానీ ప్రేమా లేదు, లెక్కా లేదు. కాబట్టి ఈ వారం మొదటి స్థానం గద్వాలకే, మూడో పాదం తిరగరాస్తే.

వచ్చే వారానికి మళ్లీ ఆటవెలది నాలుగో పాదమే:

నలువు రమరు లొక్క నలుడు నతివ

ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలో వచ్చి కూర్చున్న స్వయంవరం. మొత్తం ఆరుగురు, జతలు 15. దమయంతి ఉన్నవి ఐదు, ఆమెకు కావలసింది ఒక్కటి. మిగతా పదింటిని ఏం చేస్తారో మీ ఇష్టం.