మైపాడు బీచ్‌లో ఏరే పాత వలలు ఎవరు తీసుకుంటారు?

జూన్ 8, ప్రపంచ మహాసముద్రాల దినోత్సవానికి మైపాడు బీచ్‌లో చెత్త ఏరే కార్యక్రమం పెడుతున్నాం. అప్పటికి వేట నిషేధం (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) ఉంటుంది కాబట్టి మర పడవలు ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులూ చెయ్యేస్తారు. సీసాలతో బాధ లేదు, పాత సామాన్లవాళ్లు పట్టుకెళ్తారు. చిక్కంతా వలలతోనే.

నైలాన్ వల, ప్లాస్టిక్ తాడు కలిసిపోతే కరిగించడానికి పనికిరావు. బకెట్ నీళ్లలో ముక్క వేస్తే నైలాన్ మునుగుతుంది, తాడు తేలుతుంది. ముందు ముక్కను నీళ్లలోనే పిండాలి, గాలి బుడగలుంటే నైలానూ తేలి మోసం చేస్తుంది. సీసం గుండ్లు, బెండ్లు కోసేస్తాం. ఇసుకలో పూడిన వలను లాగితే తెగి సగం లోపలే ఉండిపోతుంది, చుట్టూ చేత్తో తవ్వాల్సిందే.

ఇంత చేసినా ఇసుక, ఉప్పు మిగులుతాయి. మంచినీళ్లతో ఎంతవరకు కడిగితే ఒప్పుకుంటారు? నెల్లూరు, ఒంగోలు, చెన్నైలలో నాలుగైదు గోతాలైనా సరే తీసుకునేవాళ్లు ఉన్నారా? కాల్చేయమని మాత్రం చెప్పకండి.