పెయ్య నుదుటి చుక్క: బొమ్మల కథకు సలహా కావాలి

నాగావళి గట్టు:
ఐదారేళ్ల పిల్లలకు 24 పేజీల బొమ్మల కథ. కర్రి పెయ్య ఒకటి తెల్లారుజామున శ్రీకాకుళం దగ్గర నాగావళిలో నీళ్లు తాగుతుంటే, నీటిలో మెరిసే వేగుచుక్క దాని నుదుటికి అంటుకుపోతుంది. నీటిరంగులు వాడుతున్నాను. చుక్క ఒక్కో పేజీలో ఒక్కోలా వస్తోంది. పైన వేసిన తెలుపేమో బూడిదరంగుకు తిరుగుతోంది. ఏం చేయాలండీ?

కుంచెల పెట్టె:
నలుపు మీద తెలుపు వేయకండి. కింది నలుపు తడికి కరిగి పైకొస్తుంది, అందుకే ఆ బూడిద. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందపాటి) కాగితం మీద చుక్కను మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో, అంటే రంగు అంటకుండా ఆపే రబ్బరు ద్రవంతో కప్పి, ఆరాక నలుపు పూయండి. ఆ నలుపు కూడా బాగా ఆరాకే ఫ్లూయిడ్ పొరను వేలితో మెల్లగా రుద్ది తీయాలి. తడి మీద లాగితే కాగితం పొర లేచిపోతుంది. తొందరపడి హెయిర్ డ్రయర్ పెట్టొద్దు, వేడికి ఫ్లూయిడ్ కాగితాన్ని పట్టేస్తుంది. ఫ్లూయిడ్ పూయడానికి పాత కుంచె వాడండి, ముంచే ముందు సబ్బు పట్టించండి.

చుక్క మారకుండా ఉండాలంటే పెయ్య తలను ఎదురుగా, ఎడమగా, కుడిగా గీసి కళ్లెదుట అంటించుకోండి. రెండు కళ్ల మధ్య దూరంలో మూడో వంతు వెడల్పు చాలు, కళ్లకు కాస్త పైన. తల పక్కకు తిరిగితే వెడల్పు తగ్గాలి, ఎత్తు తగ్గకూడదు. చుక్క ఒక పక్కకు సాగి ఉంటే మాత్రం కంప్యూటర్లో బొమ్మను అద్దంలోలా కుడిఎడమలు తిరగేయకండి, సాగిన కొస రెండో కంటి వైపు పోతుంది. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

గొడ్లసాల:
వేగుచుక్క తెల్లారుజామున తూర్పునే ఉంటుంది. కాబట్టి పెయ్య పడమటి గట్టున నిలబడి తూర్పుకు చూస్తేనే నీటిలో కనబడుతుంది. నెలవంక కూడా వేస్తే దాని వెలుగంచు కిందికి, సూర్యుడు వచ్చే వైపుకు తిరగాలి. పెయ్య నోరు తెరిస్తే పైన ముందుపళ్లు గీయకండి, ఆవులకు అక్కడ గట్టి చిగురే. దూడ కడుపులో ఉండగా రంగునిచ్చే కణాలు చేరని చోట తెల్లగా మిగులుతుంది, నుదుటి చుక్క అలాంటిదే. అది చివరి పేజీలో చెప్పండి, కథలోకి తేవద్దు.

నాగావళి గట్టు:
తూర్పు గట్టున గీశాను, మారుస్తాను. చుక్క అంటుకునే బొమ్మ ఏ పేజీలో రావాలి?

అచ్చుపని:
కుడి పేజీలో మూతి నీటిని తాకే దగ్గర ఆపండి, పేజీ తిప్పితేనే చుక్క కనబడాలి. నుదురు మధ్య మడతలో పడకూడదు. అంచులు దాటి 3 మి.మీ. రంగు ఉంచండి, కోతలో తెల్లగీత రాదు. మాటల్లో ఎక్కడా ‘నక్షత్రం’, ‘మచ్చ’ వాడకండి. ఆకాశంలోదీ చుక్కే, నుదుటిదీ చుక్కే. మన భాషలో ఈ కథ నిలబడేది ఆ ఒక్క మాట మీదే.