రీల్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో ప్లాట్లు పెట్టేటప్పుడు రెరా నిబంధనలేంటి? (అనంతపురం)

ప్రశ్న: అనంత_ప్లాట్లు
అందరికీ నమస్కారం. అనంతపురంలో కమీషన్ మీద ప్లాట్లు అమ్మిస్తుంటాను, ఏపీ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉంది. వెంచర్ వాళ్లిచ్చే బ్రోచర్లు, వీడియోలు ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్‌లో పెడుతుంటాను. స్టేటస్ కూడా ప్రకటన కిందికే వస్తుందా? అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు వచ్చి, రెరా నంబరు ఇంకా రాని వెంచర్‌ను 'ప్రీ లాంచ్' అని పెట్టొచ్చా? కర్ణాటకలోని దేవనహళ్లి వైపు లేఅవుట్లకు ఈ రిజిస్ట్రేషనే సరిపోతుందా?

జవాబు: తుంగభద్ర_గట్టు, కర్నూలు
స్టేటస్ కూడా ప్రకటనే అన్నా. 2016 రెరా చట్టం సెక్షన్ 2(బి)లో ఏ మాధ్యమమైనా, ఏ రూపంలో ప్రచారమైనా వస్తుంది. 24 గంటల్లో పోతుంది కదా అనుకోవద్దు, స్క్రీన్‌షాట్ చాలు.

ప్రీ లాంచ్ జోలికి పోవద్దు. ఎల్పీ వేరు, రెరా వేరు. ఎల్పీ వచ్చిందంటే లేఅవుట్ వేసుకోవచ్చు, అంతే. సెక్షన్ 3 రెరా నంబరు రాకముందు అమ్మకాన్నే కాదు, ప్రకటనను, బుకింగ్‌ను, కొనమని పిలవడాన్ని కూడా ఆపుతుంది. 'రెరాకు అప్లై చేశాం' అని పోస్టులో రాస్తే నంబరు లేదని మీరే రాసిచ్చినట్టు. టోకెన్ అని పేరు మార్చినా అది బుకింగే. భూమి 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండు సెంట్లకు మించకపోతేనే మినహాయింపు. వెంచర్ అనేది అంత చిన్నగా ఎక్కడుంటుంది?

రిజిస్టర్ కాని ప్రాజెక్టు అమ్మించిన ఏజెంటుకు సెక్షన్ 62 కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా, ప్లాటు ధరలో 5 శాతం దాకా పోవచ్చు. 30 లక్షల ప్లాటైతే 15 రోజుల్లోనే లక్షన్నర. వెంచర్ ఓనరుకు పడేది దీనికి వేరు.

జవాబు: రీల్_ఎడిటింగ్_కడప
నంబరు వేయడంలోనే చాలామంది దెబ్బతింటారు. సెక్షన్ 11(2) ప్రకారం ప్రకటనలో ప్రాజెక్టు రెరా నంబరు, రెరా వెబ్‌సైట్ అడ్రసు రెండూ కొట్టొచ్చినట్టు కనపడాలి. అది ప్రమోటర్, అంటే వెంచర్ వేసినవాళ్ల బాధ్యతే, కానీ పోస్టు పెట్టేది మీరు కాబట్టి మీరూ చూసుకోండి. కింద క్యాప్షన్‌లో రాస్తే, 'మోర్' నొక్కితే తప్ప కనపడదు. అదే వీడియో వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేసరికి క్యాప్షనే ఉండదు. అందుకే నంబరు వీడియో లోపలే, మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా ఉంచండి. రీల్‌లో అడుగున పేరు, పాట పట్టీ వచ్చి కప్పేస్తాయి, కుడి అంచున లైకు, షేరు బటన్లుంటాయి. పై భాగంలో ఎడమ వైపు, ముదురు పట్టీ మీద తెల్లక్షరాలతో వేయండి. డ్రోన్ షాట్‌లో ఆకాశం మీద తెల్లక్షరాలు వేస్తే ఎవరికీ ఆనవు. దాని కిందే మీ ఏజెంటు నంబరు కూడా వేయండి.

'ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు' అని రాయొద్దు. అక్కడికి ఇప్పుడున్న రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లో కొలిచి వేయండి. గ్రాఫిక్ గేటు, పార్కు చూపిస్తే 'ఊహాచిత్రం' అని ఆ ఫ్రేములోనే ఉండాలి. 'రెండేళ్లలో డబుల్' లాంటివి పూర్తిగా తీసేయండి. డబ్బులిచ్చి యూట్యూబర్‌తో చెప్పిస్తే అది పెయిడ్ ప్రమోషన్ అని చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారమైతే 2019 వినియోగదారుల చట్టం కింద చెప్పినవాళ్లకు కూడా 10 లక్షల దాకా జరిమానా ఉంది.

జవాబు: హిందూపురం_రోడ్డు
దేవనహళ్లికి ఇక్కడి రిజిస్ట్రేషన్ చెల్లదు. ఏజెంటు రిజిస్ట్రేషన్ రాష్ట్రానికి ఒకటి, కాబట్టి కర్ణాటక రెరాలో విడిగా తీసుకోవాలి. కొనేవాళ్లు అనంతపురం వాళ్లే కదా అంటే కుదరదు, భూమి ఎక్కడుందన్నదే లెక్క.

ఇంకోటి. లేఅవుట్ పనులకు హామీగా అహుడా లాంటి అథారిటీకి తనఖా పెట్టిన ప్లాట్లుంటాయి, విడుదల కాకముందు వాటిని పోస్టుల్లో పెట్టొద్దు. ప్లాన్‌లో వాటి నంబర్లు గుర్తు పెట్టి ఉంటాయి, సరిచూసుకోండి. బ్రోచర్ ఫార్వర్డ్ చేసేముందు దాని మీది నంబరును ఏపీ రెరా సైట్‌లో కొట్టి, పేరు, సర్వే నంబర్లు, గడువు తేదీ మూడూ కలుస్తున్నాయా చూడండి. ఒకే సంస్థ పాత ఫేజు నంబరును కొత్త ఫేజు బ్రోచర్ మీద వేయడం మామూలైపోయింది, అక్కడే ఇరుక్కుంటారు.

అనంత_ప్లాట్లు
చాలా థ్యాంక్స్. పాత ఇంటి రీసేల్ పోస్టులకు?

తుంగభద్ర_గట్టు
సొంతంగా కట్టుకున్న పాత ఇల్లయితే ప్రాజెక్టు నంబరు ఉండదు, అడగరు. ఓనరు రాతపూర్వక అనుమతి మాత్రం దగ్గర పెట్టుకోండి. ప్రీ లాంచ్ పోస్టులు ఇప్పటికే పెట్టుంటే ఈరోజే తీసేయండి.