"యూరప్ మన మామిడి గుజ్జు ఆపేసింది" అని వార్త వస్తే ఎలా సరిచూసుకోవాలి?

చిత్తూరు విలేకరి:
తోతాపురి కోతలు మొదలైతే చాలు, ఈ మెసేజ్ మండీ గ్రూపుల్లో తిరుగుతుంది. మధ్యాహ్నానికి లోకల్ యాప్‌లో వార్తయిపోతుంది. దామలచెరువులో బండి దించిన రైతును రేటు దగ్గర బెదరగొట్టడానికి అది చాలు. ఇక్కడ కూర్చుని యూరోపియన్ యూనియన్ (ఈయూ) మాట ఈయూ నోటే వినే దారుందా?

పల్ప్ క్వాలిటీ (గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగి):
ఉందన్నా. ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్ విండో (ఆహారంలో ప్రమాదాలపై ఈయూ హెచ్చరికలు పెట్టే పోర్టల్) తెరవండి, లాగిన్ అక్కర్లేదు. దేశం ఇండియా, విభాగం పండ్లు, కూరగాయలు అని పెట్టి వెతకండి. నోటిఫికేషన్ నంబరు, తేదీ, ఏ పురుగుమందు అవశేషం దొరికిందీ ఉంటాయి. కంపెనీ పేరు ఉండదు. "ఫలానా ఫ్యాక్టరీ సరుకే" అని ఆ పోర్టల్ పేరు చెప్పి ఎవరన్నా రాస్తే నమ్మొద్దు.

పొరపాటంతా "బోర్డర్ రిజెక్షన్" అన్న మాట దగ్గరే. ఒక కన్‌సైన్‌మెంట్‌ను సరిహద్దులో ఆపారు, అంతే. ఒక మందుకు విడిగా పరిమితి పెట్టకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు, అందుకే ఇవి వస్తుంటాయి. నిషేధానికి మాత్రం చట్టపరమైన ఉత్తర్వు కావాలి, అది వాళ్ల గెజిట్‌లో అచ్చవుతుంది. ఆ ఉత్తర్వు నంబరు ఈయూ చట్టాల వెబ్‌సైటు యూర్‌లెక్స్‌లో దొరికేదాకా హెడ్డింగులో "నిషేధం" అని పెట్టకండి. 2014 మే 1న వచ్చింది నిజమైన నిషేధం. అదీ పండు ఈగ వల్ల, తాజా మామిడి మీద, నాలుగు కూరగాయల మీద. గుజ్జు జోలికి రాలేదు. మామిడికి 2015లో ఎత్తేశారు.

డెస్క్ సబ్ఎడిటర్:
యూరోపియన్ కమిషన్ (ఈయూ పాలనా విభాగం) ప్రతినిధులు పనిదినాల్లో బ్రస్సెల్స్ టైము 12 గంటలకు ప్రెస్‌మీట్ పెడతారు, లైవ్ వస్తుంది. మామిడి సీజన్లో మనకది 3:30, చలికాలం 4:30. అడిగే వీలు అక్కడ అక్రెడిటేషన్ (విలేకరి గుర్తింపు) ఉన్నవాళ్లకే. మీరు కమిషన్ మీడియా వెబ్‌సైటు ప్రెస్ కార్నర్‌లో ఆహార భద్రత చూసే ప్రతినిధికి మెయిల్ పెట్టండి. నోటిఫికేషన్ నంబరు, ఒక్కటే ప్రశ్న, బ్రస్సెల్స్ టైములో మీ డెడ్‌లైన్ రాయండి. నంబరు లేకుండా "బ్యాన్ చేశారా?" అంటే ఎటూ తేలని జవాబే వస్తుంది. జవాబులో "బ్యాక్‌గ్రౌండ్" అని ఉంటే పేరు వేయకూడదు, "ఒక ఈయూ అధికారి" అనే రాయాలి.

బంగారుపాళెం రైతు:
మాలాంటోళ్లు అడగొచ్చా? తెలుగులో?

పల్ప్ క్వాలిటీ:
ఈయూ పౌర సమాచార సేవ యూరప్ డైరెక్ట్‌కు ఎవరైనా రాయొచ్చు, ఉచితం. వాళ్ల 24 అధికార భాషల్లోనే తీసుకుంటారు, కాబట్టి ఇంగ్లీషులో రాయించండి. అంతకన్నా ముఖ్యం ఈపింగ్, ప్రపంచ వాణిజ్య సంస్థకు దేశాలు తెలిపే కొత్త నిబంధనలపై అలర్టులిచ్చే సైట్. అందులో మామిడికి అలర్ట్ పెట్టుకుంటే కొత్త పరిమితి ముసాయిదాగా ఉన్నప్పుడే మెయిల్ వస్తుంది. అభ్యంతరాలకు మామూలుగా 60 రోజులిస్తారు. అవి ఢిల్లీలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ద్వారా వెళ్లాలి, మొదటి వారంలోనే పంపించండి.