రివైండ్ వాడి ముగిస్తే పేరు జాబితాలో వెయ్యాలా, వద్దా?

ఎనిమిదో_స్టేజీ:
మన వేదికలో 1987, 88, 89 ఆటలకు "పూర్తిచేసినవాళ్ళ జాబితా" నేనే చూసుకుంటున్నానని అందరికీ తెలుసు. పోయిన వారం స్రవంతి గారు నింజా గైడెన్ పూర్తిచేశానని చివరి తెర ఫొటో పెట్టారు. రివైండ్ (తప్పు జరిగితే ఆటను కాస్త వెనక్కి తిప్పుకునే సౌకర్యం) వాడారా అని అడిగాను. వాడానన్నారు. అందుకని పేరు వెయ్యలేదు. దాని మీద కొందరు నాకు విడిగా మెసేజ్‌లు పెడుతున్నారు కాబట్టి అందరి ముందే తేల్చుకుందాం.

నా మాట ఇది. టెక్మో వాళ్ళు 1988లో తెచ్చిన ఆ ఆటలో కంటిన్యూలు, అంటే లైఫులన్నీ అయిపోయినా మళ్ళీ ఆడే అవకాశాలు, ఎన్నైనా ఉన్నాయి. కానీ ఆఖరి ముగ్గురు బాసుల్లో (పెద్ద శత్రువుల్లో) ఎవరి చేతిలో చచ్చినా మళ్ళీ 6-1 స్టేజీ మొదటికి వెళ్ళి పడతాం. ఆ స్టేజీలన్నీ మళ్ళీ దాటుకుంటూ రావాలి. గోతి అంచున దూకబోతుంటే పక్షి వచ్చి కొడుతుంది, వెనక్కి ఎగిరి గోతిలో పడతాం. భయపడి ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్ళీ ముందుకొస్తే, ఇందాక చంపినవాడు అదే చోట మళ్ళీ ప్రత్యక్షం. అంటే ఆగకుండా ముందుకే వెళ్ళాలని ఆట మనకు నేర్పిస్తోంది. రివైండ్ నొక్కితే ఆ పక్షి ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. నేర్చుకోవాల్సిన పనే ఉండదు. ఆట ఆఖరి దాకా చూశారంటే ఒప్పుకుంటాను. పూర్తిచేశారంటే ఒప్పుకోను.

పాత_టీవీ:
అన్నా, మరి తుపాకుల ఆట కాంట్రా సంగతేంటి? ముప్పై లైఫులతో ముగించినవాళ్ళ పేర్లు జాబితాలో ఉన్నాయి కదా.

ఎనిమిదో_స్టేజీ:
బటన్లు ఒక వరుసలో నొక్కితే ముప్పై లైఫులిచ్చే కోడ్ ఆ ఆట చేసిన కొనామి వాళ్ళే పెట్టారు. అది ఆటలో భాగం. రివైండ్ ఆటలో లేదు, ముప్పై ఏళ్ళ తర్వాత బయటినుంచి తగిలించారు. రెండూ ఒకటి కావు.

గోదారి_గట్టు:
కాంట్రాలో గుళ్ళు విసనకర్రలా చిమ్మే ఎస్ గన్ దొరికి, అది పోగొట్టుకోకుండా ఉంటే మూడు లైఫులు చాలు.

పాత_టీవీ:
కోడ్ సంగతి కాదన్నా నేనడిగేది. మన ఊళ్ళల్లో కోడ్ ఎవరికి తెలుసు? నేను తొంభైల్లో ఆడింది టీవీకి తగిలించే చైనా డబ్బాలో. పసుపు క్యాసెట్ పెడితే పెద్ద మెనూ వచ్చేది, వందల ఆటలున్నట్టు అంకె చూపించేది. కిందికి దిగితే అవే ఆటలు మళ్ళీ మళ్ళీ. అందులో కాంట్రా ఒక వరుసలో మామూలుగా, ఇంకో వరుసలో ముప్పై లైఫులతో, మరో చోట నేరుగా ముందు స్టేజీ నుంచి మొదలయ్యేట్టు ఉండేది. ఆ క్యాసెట్ కొనామి చెయ్యలేదు. ఎవరో దొంగ కాపీ తీసి, లోపల లైఫుల లెక్క మార్చి అమ్మారు. మనమందరం ముగించింది ఆ మార్చిన ఆటనే. అది కూడా బయటినుంచి తగిలించిందే కదా! అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకు?

ఎనిమిదో_స్టేజీ:
లైఫులు ఎన్నున్నా ఒక్కో లైఫుకీ బుల్లెట్ తప్పించుకునేది నీ చెయ్యే. మూడైనా ముప్పై అయినా అయిపోతే అయిపోయినట్టే. రివైండ్‌కి అంతం లేదు.

పాత_టీవీ:
నింజా గైడెన్ కంటిన్యూలకి అంతం ఉందా మరి?

స్రవంతి_విజయనగరం:
నా పేరుతోనే మొదలుపెట్టారు కాబట్టి నేనూ రాస్తాను.

ఆ కోడ్ ఎలా పుట్టిందో చూడండి. కాంట్రా కన్నా ముందు, 1986లో గ్రేడియస్ అనే కొనామి ఆటని ఫ్యామికామ్‌కి (నింటెండో వాళ్ళ జపాన్ మెషిన్‌కి) తెచ్చేటప్పుడు కజుహిసా హషిమోటో అనే ఆయన పెట్టాడు దాన్ని. ఆట పరీక్షించాలి, తనకే అది మరీ కష్టంగా ఉంది. అందుకని అన్ని ఆయుధాలూ ఒకేసారి వచ్చేట్టు ఒక దారి చేసుకున్నాడు, తియ్యకుండా వదిలేశాడు. చేసినవాడికే సాయం కావాల్సి వచ్చింది. ఆయన సాయం ఒప్పు, నాది తప్పు అవుతుందా?

మెగా మ్యాన్ 2 సంగతి తీసుకోండి. 1988లో జపాన్‌లో వచ్చినప్పుడు ఒకటే కష్టం. బయటి దేశాలకు పంపేటప్పుడు క్యాప్‌కామ్ వాళ్ళు "నార్మల్" అని తేలిక దారి ఒకటి చేర్చి, అసలుదానికి "డిఫికల్ట్" అని పేరు పెట్టారు. మన జాబితాలో మెగా మ్యాన్ 2 కింద ఉన్నవాళ్ళను ఎవరు ఏది ఆడారని మీరు అడిగారా? సూపర్ మారియో బ్రదర్స్ 3లో మొదటి లోకంలోనే రెండు విజిళ్ళు దొరుకుతాయి. వాటితో నేరుగా ఎనిమిదో లోకానికి వెళ్ళిపోవచ్చు. మధ్యలో ఆరు లోకాలు చూడనే చూడని వాళ్ళ పేర్లు మీ జాబితాలో ఉన్నాయి. నేను నింజా గైడెన్‌లో ఒక్క స్టేజీ కూడా దాటవెయ్యలేదు.

లక్ష్మీటాకీస్_సందు:
విజిల్ పాయింట్ బాగుంది.

ఎనిమిదో_స్టేజీ:
విజిల్ ఎక్కడుందో కనుక్కోవడం కూడా ఆటే. మారియో చేసిన మియమోటో బృందం దాన్ని దాచిపెట్టింది కనుక్కోమనే. కోట స్టేజీలో పైకప్పు దాటి తెర బయట పరిగెత్తాలని ఎవరికి తడుతుంది? తట్టినవాడికి అది బహుమతి.

బాపట్ల_బిట్స్:
మీరంతా క్యాసెట్ ఆటలే మాట్లాడుతున్నారు. ఆ మూడేళ్ళలో కంప్యూటర్ మీద ఏం జరిగిందో కూడా చూడండి, చిక్కు అక్కడే ఉంది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989లో యాపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. మన కంప్యూటర్ సెంటర్లలో ఫ్లాపీ మీద తిరిగింది తర్వాత వచ్చిన డాస్ ఆట. పన్నెండు లెవెళ్ళు, అరవై నిమిషాలు. డాస్‌లో మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జి కలిపి నొక్కితే సేవ్ అవుతుంది. అయితే మిగిలిన నిమిషాలు కూడా దాంతోపాటే సేవ్ అవుతాయి. తొమ్మిదో లెవెల్‌లో పది నిమిషాలు మిగిలుండగా సేవ్ చేశారనుకోండి, ఆ సేవ్ దాదాపు ఎందుకూ పనికిరాదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, ముందు లెవెళ్ళు ఇంకా వేగంగా దాటి, ఇంకో సేవ్ చేసుకోవాలి. సేవ్ ఇచ్చి కూడా టెన్షన్ తగ్గించలేదు ఆ ఆట చేసిన జోర్డాన్ మెక్నర్. తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా గీసి చేసిన నడక అది. అందుకే బటన్ నొక్కాక మనిషి ఆగడానికి క్షణం పడుతుంది, అంచున కాలు జారుతుంది. సేవ్ ఉంది కాబట్టి ఆ ఆట తేలికని ఆడినవాళ్ళు ఎవరూ అనరు.

ఇంకోటి. 1987లో మేనియాక్ మాన్షన్ అనే ఆట చేసిన రాన్ గిల్బర్ట్, 1989లో అడ్వెంచర్ ఆటల (కథలో చిక్కుముళ్ళు విప్పుకుంటూ వెళ్ళే ఆటల) మీద పెద్ద వ్యాసం రాశాడు. చచ్చి చచ్చి నేర్చుకోమనడం, తెలియకుండా దారి మూసుకుపోవడం చెడ్డ రూపకల్పన అని అందులో గట్టిగానే అన్నాడు. అంటే ఆ రోజుల్లోనే, ఆటలు చేసేవాళ్ళ మధ్యనే ఈ గొడవ ఉంది. "అప్పటి ఆటల ధర్మం ఇది" అని ఒకే మాట చెప్పడం కుదరదు.

ఎనిమిదో_స్టేజీ:
అడ్వెంచర్ ఆటల్ని ఇందులోకి తేవద్దు. 1988 ఫిబ్రవరిలో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 3 పదుల గంటల ఆట. అందుకే క్యాసెట్‌లో బ్యాటరీ పెట్టి సేవ్ ఇచ్చారు. అక్కడ సేవ్ అంటే పుస్తకం మధ్యలో గుర్తు పెట్టుకోవడం లాంటిది. సిమ్‌సిటీకి అసలు ముగింపే లేదు. టెట్రిస్ సంగతీ అంతే. కాంట్రా అలా కాదు, చేతనైనవాడు అరగంటలో ముగిస్తాడు. అరగంట ఆటకు సేవ్ ఎందుకు? ఆ అరగంట చెయ్యి తడబడకుండా నిలబడటమే ఆట. అది తీసేస్తే మిగిలేది అరగంట బొమ్మలు.

సముద్రం_ఒడ్డు:
అరగంట ఆటను నెలలు ఆడించడానికే అంత కష్టం పెట్టారు. అమెరికాలో అద్దెకిచ్చే షాపుల మీద నింటెండోకి ఎంత కోపమంటే, 1989లో మాన్యువల్ జిరాక్సులు తీస్తున్నారని బ్లాక్‌బస్టర్ అనే అద్దె షాపుల కంపెనీ మీద కేసు వేసింది. జపాన్‌లో 1989లో వచ్చిన మూడో క్యాసిల్‌వేనియా అమెరికాకు వెళ్ళేసరికి దెబ్బలు ఇంకా గట్టిగా తగిలేట్టు మారింది. అద్దె రెండు రోజుల్లో ఆట అయిపోకూడదు కదా. వ్యాపారం కోసం పెట్టిన కష్టాన్ని దేవుడిచ్చిన నియమంలా చూడకండి.

ఎనిమిదో_స్టేజీ:
వ్యాపారమైనా ఇంకేదైనా, కష్టం అక్కడుంది. దాటారా లేదా అన్నదే ప్రశ్న. చూడండి, ఆ రోజుల్లో ఆడినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నిన్న మొన్న నింటెండో స్విచ్ మెషిన్ కొని, పాత ఆటల లిస్టు తెరిచి, రెండు బటన్లు నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పుకునేవాళ్ళకి చెప్పినా ఎక్కదు.

కృష్ణ_లంక:
అన్నా, ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

స్రవంతి_విజయనగరం:
అననివ్వండి. అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది.

ఆ రోజుల్లో నేనూ ఉన్నాను. సెలవులకి పెదనాన్న గారింటికి వెళ్ళేవాళ్ళం. రెండు రిమోట్లు, నలుగురు మగపిల్లలు. నేను వాళ్ళ వెనక మంచం మీద కూర్చునేదాన్ని. నా వంతు వచ్చేసరికి అడాప్టర్ కాలిపోతోందని స్విచ్ తీసేసేవాళ్ళు. నిజంగానే వేడెక్కేది, నేను ముట్టుకుని చూశాను. కానీ పెద్దన్నయ్య వంతప్పుడు ఎప్పుడూ ఆపలేదు. కాంట్రాలో జలపాతం స్టేజీ ఎక్కేటప్పుడు ఏ మెట్టు మీద ఎవడు నిలబడి ఉంటాడో వాళ్ళకన్నా ముందు నేను అరిచి చెప్పేదాన్ని. పైవాడు తొందరగా ఎక్కేస్తే తెర జరిగి కిందివాడు చచ్చిపోతాడని, ఇద్దరూ కలిసి ఎక్కండిరా అని చెప్పింది నేనే. వాళ్ళు ముగించారు. మీ లెక్కలో వాళ్ళు పూర్తిచేసినవాళ్ళు, నేను చూసినదాన్ని.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, పిల్లాడున్నాడు. రాత్రి వాడు పడుకున్నాక దొరికే సమయంలో ఆడుకున్నాను. ఆ పక్షి నన్నూ కొట్టింది, చాలాసార్లు. చేతిలో రిమోట్ ఉండి గోతిలో పడటం నాకు ఇన్నేళ్ళకి దొరికింది. చిన్నప్పుడు గంటల తరబడి ఆడనిచ్చిన ఇల్లు ఉన్నవాళ్ళు మాత్రమే పూర్తిచేసినవాళ్ళని మీరంటే, ఆ జాబితా ఆట గురించి కాదు, ఎవరి చేతిలో రిమోట్ ఉండేదన్న దాని గురించి.

గోదారి_గట్టు:
మా చెల్లి కూడా అలాగే వెనక కూర్చునేది. ఇవాళ ఫోన్ చేస్తాను.

ఎనిమిదో_స్టేజీ:
గంటల తరబడి ఆడనిచ్చిన ఇల్లా? నాకు ఆట కొనిచ్చేవాళ్ళు ఎవరూ లేరండి. మా వీధి చివర గంట లెక్కన ఆడించే గది ఉండేది. గంట కాగానే ఆ షాపాయన వచ్చి స్విచ్ కట్టేవాడు. బాస్ ముందు ఉన్నా సరే, ఒక్క నిమిషం ఆగమన్నా సరే. డబ్బున్న పిల్లలు ఇంకో గంట కట్టేవాళ్ళు. నేను ఇంటికి నడిచేవాణ్ణి. దారిలో చేతుల్లో రిమోట్ ఉన్నట్టే వేళ్ళు కదుపుతూ, ఎక్కడ దూకాలో మనసులో చెప్పుకుంటూ వెళ్ళేవాణ్ణి. గంటలోపు ముగించాలంటే తప్పు చెయ్యకూడదు, అంతే. చివరికి ఒక రోజు ముగించాను. గదిలో ఎవరూ చూడలేదు. బడిలో చెబితే కోతలు కొయ్యకన్నారు. నా దగ్గర ఫొటో ఎక్కడిది?

ఈ జాబితా మొదలుపెట్టింది అందుకే. ఒకరు చెబితే పదిమంది నమ్మే చోటు ఒకటుండాలని. ఇవాళ ఎవరైనా రివైండ్‌తో సాయంత్రానికల్లా ఆఖరి తెర ఫొటో పెట్టగలరు. అదీ ఇదీ ఒకే వరుసలో ఉంటే, నేను ముగించానన్న మాటకు మళ్ళీ విలువ లేకుండా పోతుంది.

లక్ష్మీటాకీస్_సందు:
ఇద్దరూ ఒకే గదిలోంచి బయటికి గెంటబడ్డవాళ్ళే.

స్రవంతి_విజయనగరం:
మీ మాట నేను నమ్ముతున్నాను. ఫొటో లేకపోయినా నమ్ముతున్నాను. కానీ నా పేరు తీసేస్తేనే మీ మాట నిలుస్తుందంటే నేను ఒప్పుకోను. నేను ఏం వాడానో దాచలేదు. మీరు అడిగారు, చెప్పాను. నా పేరు పక్కన రివైండ్ అని రాయండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే అందరి పక్కనా రాయండి. విజిల్ వాడినవాళ్ళకి విజిల్ అని, నార్మల్ ఆడినవాళ్ళకి నార్మల్ అని, మార్చిన క్యాసెట్ అయితే మార్చిన క్యాసెట్ అని. నా ఒక్కదాని పక్కన మాత్రం వద్దు.

ఎనిమిదో_స్టేజీ:
అందరి పక్కనా రాయడానికి ఒప్పుకుంటాను. రివైండ్ వేరే వరుసలో ఉండాలన్న మాట మాత్రం మార్చను. పై వరుస, కింది వరుస కాదు. పక్క పక్కన.

స్రవంతి_విజయనగరం:
వేరే వరుస వద్దు. ఆ మాట నేనూ మార్చను.

బాపట్ల_బిట్స్:
డాస్ ప్రిన్స్‌లో కంట్రోల్ జి వాడినవాళ్ళని ఏ వరుసలో పెడతారు? సేవ్ ఆటలోదే, నిమిషాలు కూడా పోతాయి. నేను అలాగే ముగించాను, నాలుగు నిమిషాలు మిగిలాయి.

ఎనిమిదో_స్టేజీ:
అది మామూలు వరుసే. పక్కన "సేవ్, 4 ని." అని రాస్తాను. మిగతావాళ్ళు కూడా ఆదివారంలోపు ఎవరు ఏది ఎలా ముగించారో ఇక్కడే రాయండి. వరుసల సంగతి ఆ తర్వాత ఓటు పెడదాం.

పాత_టీవీ:
కాంట్రా, పసుపు క్యాసెట్, మెనూలోంచి ముప్పై లైఫులు, మా తమ్ముడితో కలిసి. వాడి పేరు కూడా వెయ్యండి.