1/17 కరణీయమా? సమర్థించమంటే అసలు ఏం రాయాలి?

పాప నాన్న:
మా పాప తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. యూనిట్ టెస్టులో "1/17 అకరణీయ సంఖ్యా, కరణీయ సంఖ్యా? సమర్థించండి" అని రెండు మార్కుల ప్రశ్న. ఇది కరణీయం (ఇర్రేషనల్) అని రాసొచ్చింది. ముందురోజు ఇంట్లో క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూసిందట, 0.0588235294 వచ్చింది, అంకెల గుంపేదీ మళ్ళీ రాలేదు కాబట్టి కరణీయమే అని కారణం కూడా రాసింది. సున్నా వేశారు. నేనూ కొట్టి చూశా, నిజంగానే ఏదీ తిరిగి రావట్లేదు! తప్పని తెలుసు గానీ దానికెలా చెప్పాలో తెలియట్లేదు.

ట్యూషన్ మాస్టారు:
పైన 1, కింద 17, రెండూ పూర్ణసంఖ్యలు, కింద ఉన్నది సున్నా కాదు. అకరణీయ సంఖ్యకి (రేషనల్) నిర్వచనమే అది, ఒక్క లైను రాస్తే రెండు మార్కులు. దశాంశాల జోలికి వెళ్ళడమే దండగ. ఇంకో తిరకాసు ఉంది, ఇంగ్లీషులో 'ఇర్' ఇర్రేషనల్‌కి తగులుకుంటే మనకి 'అ' వచ్చి రేషనల్‌కి తగులుకుంది. మా దగ్గర పిల్లలు సగంమంది ఇక్కడే బోల్తా పడతారు.

పాప నాన్న:
నిర్వచనం చెప్పాను మాస్టారూ. "సరే, మరి అంకెలు తిరిగొస్తాయని నీకెలా తెలుసు, చూశావా?" అంటోంది.

లెక్కల పిచ్చి:
మంచి ప్రశ్న అడిగింది. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టించి కాగితం మీద భాగహారం చేయించండి, భాగఫలం కాదు, శేషాలు చూడమనండి. 10లో 17 పోదు, సున్నా, శేషం 10. 100లో అయిదుసార్లు, శేషం 15. 150లో ఎనిమిదిసార్లు, శేషం 14. ఇలా పోతూ ఉంటే కొత్త శేషాలు ఎన్నని వస్తాయి? 1 నుంచి 16 వరకే కదా (సున్నా వస్తే భాగహారం అక్కడితో సరి). అవి అయిపోయాక పాతదే రావాలి, పాత శేషం వచ్చిందంటే అక్కణ్ణుంచి అంకెలూ పాతవే. మీ క్యాలిక్యులేటర్ పదో అంకె దగ్గర ఆగిపోయింది, పాపేమో కనబడలేదు కాబట్టి లేదు అనుకుంది. చూడని అంకెల గురించి కూడా ఇంత ధైర్యంగా ఎందుకు చెప్పగలుగుతున్నామో రాస్తే అదీ సమర్థన.

దారినపోయే దానయ్య:
పై (π) సంగతీ ఇంతే. 22/7 చూపించి పై అకరణీయం అని వాదించేవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు. 22/7లో 142857 తిరుగుతూనే ఉంటుంది, పై ఏమో 3.14159, మూడో దశాంశం దగ్గరే దారులు వేరయ్యాయి. ఆర్యభటుడు 62832/20000 ఇచ్చి కూడా 'ఆసన్న' అన్నాడు, అంటే దగ్గరి విలువ అని. కరణీయమని నిరూపణ వచ్చింది 1761లో, లాంబర్ట్ అనే గణితజ్ఞుడు చేశాడు. కోట్ల అంకెలు లెక్కగట్టినా ఆ పని జరగదు.

పాప నాన్న:
రాత్రి ఇద్దరం కూర్చుని చేశాం. మధ్యలో ఒకచోట నేనే తీసివేత తప్పు చేసి తిట్లు తిన్నా. పదహారో మెట్టులో 120లో 17 ఏడుసార్లు, శేషం 1! మొత్తం 0588235294117647. అక్కడితో ఊరుకోకుండా 1/13 కూడా చేసింది, 076923, ఆరు అంకెలకే తిరిగొచ్చేసింది. పన్నెండు శేషాలు ఉండాలి కదా, మిగతా ఆరూ ఎక్కడికి పోయాయి అని ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. మాస్టారూ, ఉన్నారా?